పేరు లేని తెల్ల డబ్బా

మందుల షాపు మెట్లు దిగుతున్న బుల్లిని ఎవరో మణికట్టు పట్టుకుని ఆపారు.

"అది రాయకు."

మండుటెండలో ముక్కు మీదిదాకా శాలువా చుట్టుకున్న ఆడమనిషి. కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. పట్టు మాత్రం మెత్తగా ఉంది, జ్వరం చూసే చెయ్యిలా.

"ఎవరండీ మీరు? వదలండి!"

"ఆ తెల్ల డబ్బా పారెయ్యమ్మా. నీ మంచికే చెబుతున్నా."

లోపలి నుంచి షాపాయన కేక వేశాడు. "మళ్ళీ మొదలెట్టావూ? వదులు ఆ పిల్లని!"

ఆమె చెయ్యి వదిలేసి మెట్ల పక్కనున్న బల్ల మీద ముడుచుకుని కూర్చుంది.

"పట్టించుకోకు తల్లీ," అన్నాడు షాపాయన బయటికొచ్చి. "దానికి మతి సరిగా లేదు."

"ఎదుటి షాపువాళ్ళు కూర్చోబెట్టారేమోనండీ!" అని బుల్లి నవ్వింది.

ఆయన నవ్వలేదు.

బుల్లిది కళ్ళజోళ్ళ షాపులో పని. వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ముందు కౌంటరులో కూర్చునే ఆవిడ త్వరలో మానేస్తోందని తెలిసినప్పటి నుంచీ ఆ కుర్చీ మీదే ఆమె మనసు.

కానీ మొటిమలు పోతూ పోతూ బుగ్గల నిండా గుంటలు తవ్వి పోయాయి. చూపు ఆనని మనిషి కొత్త జోడు పెట్టుకోగానే మొట్టమొదట స్పష్టంగా కనబడేది ఎదురుగా ఉన్న ముఖమే. ఆ ముఖం తనదైతే?

అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ తన గోడు చెప్పి, ఈ మందుల షాపులోనే ఒక జెల్లు కొంది. తర్వాత ఒక సీరం. చర్మం పొట్టు లేచిందే తప్ప ఒక్క గుంటా పూడలేదు.

"ముఖమా, సున్నం కొట్టే గోడా? పూత మీద పూత వేస్తున్నావు," అంది అక్క.

"నున్నటి బుగ్గలున్నదానివి, నువ్వెన్నయినా చెబుతావు!"

ఇవాళ ఆ సంగతి చెబితే షాపాయన అటూ ఇటూ చూసి, కౌంటరు కింద నుంచి ఈ డబ్బా తీసి ఇచ్చాడు. మూత మీద పేరు లేదు.

"నేనే కలిపానమ్మా. అందరికీ ఇవ్వను. ఎలా ఉందో మాత్రం వచ్చి చెప్పాలి సుమా."

"మండుతుందా అండీ?"

"మండకపోతే అది మందెలా అవుతుంది?"

మండింది. ఆ వెంటనే బుగ్గలు అద్దంలా మెరిశాయి. అక్క సైతం వేలితో తాకి చూసి, "ఓసి నీ అసాధ్యం కూలా!" అంది.

డబ్బా అడుగంటగానే బుల్లి ఎగురుకుంటూ మళ్ళీ షాపుకు వెళ్ళింది. షాపాయన ఆమె ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన కళ్ళలో ఏదో ఆశ మెదిలింది. ఒక అమ్మకానికి అంత ఆశ ఎందుకో బుల్లికి అర్థం కాలేదు. ఇంకో తెల్ల డబ్బా తీసుకుని బయటికొచ్చింది.

మెట్ల దగ్గర శాలువా మనిషి లేచి నిలబడింది.

"మెరుస్తోంది కదూ? మొదట మెరుస్తుంది. మెరిసినప్పుడే ఆపెయ్యాలి."

"మీకెందుకండీ?"

"ఆపనంటే ఒక్కటి గుర్తుపెట్టుకో. ముఖం భగ్గుమన్న రోజు ఇంకేమీ పుయ్యకు. చన్నీళ్ళ కింద పెట్టు. పెట్టి, డాక్టరు దగ్గరికి పరుగెత్తు."

బుల్లికి ఒళ్ళు మండింది. "ముందు మీ ముఖం చూపించి, తర్వాత నా ముఖం గురించి మాట్లాడండి!"

ఆమె శాలువాను ఇంకొంచెం పైకి లాక్కుంది.

ఆ రోజు రానే వచ్చింది. వెనక గదిలో అద్దం అరగదీస్తుండగా ఎడమ బుగ్గ మీద సలసల కాగే నూనె చిందినట్టయింది. చూస్తుండగానే బొబ్బలు లేచి కన్ను వైపు పాకసాగాయి.

సంచిలో ఉన్న జెల్లు కోసం చెయ్యి వెళ్ళింది. ఆ గొంతు గుర్తొచ్చి ఆగింది. కుళాయి తిప్పి ముఖం దాని కింద పెట్టింది.

యజమాని ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

"కడుక్కోమని ఎవరు చెప్పారు?" అంది డాక్టరమ్మ. "వాళ్ళ పుణ్యమా అని కన్ను దక్కింది. ఈ మచ్చ మాత్రం ఉండిపోతుంది."

యజమాని తల పట్టుకున్నాడు. "పిచ్చిపిల్లా! ఆ కుర్చీ నీకిద్దామని ఎప్పుడో అనుకున్నాను. నీ చేతి పని చూశానే గానీ నీ బుగ్గలు ఎవడు చూశాడే?"

కట్టు విప్పిన రోజే బుల్లి మందుల షాపుకు వెళ్ళింది. ఆయన్ని కడిగిపారెయ్యాలి. ఆ శాలువా మనిషి కాళ్ళకు దండం పెట్టాలి.

బల్ల ఖాళీగా ఉంది. షట్టరు సగం దించి ఉంది.

లోపల షాపాయన నేల మీద కూర్చుని, ఒక్కో తెల్ల డబ్బా మూత తీసి బకెట్లోకి ఒంపుతున్నాడు.

"చూడండి నా ముఖం!"

ఆయన తలెత్తి చూశాడు. వెంటనే తల దించుకున్నాడు.

బుల్లి వెనక్కి తిరిగి ఖాళీ బల్ల వైపు చూసింది. "ఆ శాలువా ఆవిడేరీ?" అంది.

"పోయింది."

"ఎక్కడికి?"

"చచ్చిపోయిందమ్మా. ఎండనక వాననక ఆ బల్ల మీదే. జ్వరం ముదిరినా మందు మింగలేదు. నా చేతి మందు ఏదీ ముట్టనంది."

బుల్లి అక్కడే గుమ్మంలో కూర్చుంది.

"పాపం, ఆవిడకంటూ ఎవరూ లేరా అండీ?"

ఆయన చేతిలోని డబ్బా కింద పెట్టాడు.

"ప్రతిసారీ పాళ్ళు మార్చాను తల్లీ, మీలో ఎవరికైనా కుదిరితే మళ్ళీ మా అమ్మాయికే రాసి బాగుచేద్దామని... మొట్టమొదటి డబ్బా దాని బుగ్గలకే రాశాను."