పచ్చగంట

కొమురవ్వ ముంజేతి పట్టీ ఎర్రబడింది. రెండు రోజుల్లో అది పచ్చబడకపోతే పార్కు గేటు ఆమెను పనికి రానివ్వదు.

"ఈ వారం ఒక్క గంటన్నా చెట్ల కింద గడపలేదు నువ్వు," అంది బస్తీ దవాఖాన నర్సు.

"గదేంది బిడ్డా! పదకొండేండ్ల సంది పార్కు ఊడుస్తున్న. పొద్దంత చెట్ల కిందనే ఉంట గద."

"డ్యూటీ గంటలు లెక్కకు రావు. చీపురు పక్కన పెట్టి ఊకె కూసోవాలె."

మనసు నెమ్మదిగా ఉండాలని ఆఫీసులవాళ్లకు ఎప్పుడో పెట్టిన పచ్చగంట, వారానికో గంట చెట్ల కింద ఊరికే కూర్చోవడం, ఈ నెల నుంచి పనివాళ్లకూ తప్పనిసరి అయింది. కొమురవ్వ తిట్టుకుంటూనే ఆదివారం సెలవు పూట వెళ్లి, తాను రోజూ ఊడ్చే కానుగ చెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. రాలిన పూలను చూసి చేతులు ఊరుకోలేదు. ఆ చేతులను ఒళ్లో బిగించి పెట్టుకుంది. చేసేదేమీ లేక తల వెనక్కి వాల్చింది.

కొమ్మల నిండా లేత ఊదా పూలు, వాటి మధ్య రెండు చిలకలు. ఇన్నేళ్లూ ఆ చెట్టు రాల్చిందే చూసింది తప్ప చెట్టును చూడలేదు. గుండెల్లో ఏదో బిగువు సడలింది. గంట నిండేసరికి పట్టీ పచ్చబడింది.

అంతలో, తన బదులు పనికొచ్చిన సాయమ్మ ఊడ్చుకుంటూ బెంచీ దాకా వచ్చింది.

"సాయమ్మా, ఒక్కసారి మీదికి సూడే!"

సాయమ్మ తలెత్తలేదు.

"డ్యూటీల ఉన్న అక్కా," అంది.