క్యాంటీన్ చప్పుడు

"ఆ ఫ్రెంచి తత్వవేత్త ఒంటరితనం గురించి రాసిందని అంతా పొరబడ్డాం సార్," అంది పరిశోధక విద్యార్థిని, సెమినార్లో చదవబోయే వ్యాసం ప్రొఫెసర్ ముందు పెట్టి. "ఆవిడ రాసిందంతా తోటి మనుషుల గురించే."

"ముప్ఫయ్యేళ్లుగా చదువుతున్నానమ్మా. నాకెక్కడా కనపడలేదే?"

"ఆవిడ కాఫీ హోటల్లో, జనం మధ్య కూర్చుని రాసింది. మీరేమో ఈ గదిలో తలుపేసుకుని చదివారు. ఆ చప్పుడు మీకెలా వినపడుతుంది సార్?"

ప్రొఫెసర్‌కి ఒళ్లు మండింది. ఎర్ర పెన్ను తీశాడు. కొట్టేయడానికి ఒక్క వాక్యమూ చిక్కకపోయేసరికి ఇంకా మండింది.

ఆ మధ్యాహ్నం గదిలో అన్నం బాక్సు విప్పబోయి ఆగాడు. దాన్ని చంకలో పెట్టుకుని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి క్యాంటీన్‌కి నడిచాడు. నవ్వులు, గ్లాసుల మోత వరండా దాకా వినపడుతున్నాయి.

ఆయన గుమ్మంలోకి రాగానే అందరూ గబుక్కున లేచారు.

"కూర్చోండి సార్, కూర్చోండి," అంటూ ఎవరి పళ్లెం వాళ్లు తీసుకుని గోడవారకి సర్దుకున్నారు. పెద్ద బల్ల మొత్తం ఆయనకే వదిలేశారు. ఒకడు కుర్చీ తుడిచాడు కూడా.

మీరూ కూర్చోండి అందామనుకున్నాడు. తుడిచిన కుర్చీలో ఒక్కడే కూర్చున్నాడు.

బాక్సు మూత తీశాడు. ఆ చప్పుడు క్యాంటీనంతా వినపడింది.