రావలసిన అంకె

రికార్డులో ఆ అంకె చూడగానే లెక్చరర్ గారికి చిర్రెత్తుకొచ్చింది.

"మూడు వందల ఇరవై ఏంటమ్మా? పుస్తకంలో ఎంతుంది?"

"ఐదు వందలు సార్."

"మిగతా యాభై తొమ్మిది మంది ఎంత రాశారు?"

"ఐదు వందలే సార్. కానీ వాళ్లెవరూ మెషిన్ దగ్గరికే రాలేదు."

క్లాసులో ఆ అమ్మాయిని 'క్వశ్చన్ మార్క్' అంటారు. ఊరికే అనరు.

ఆ ల్యాబులో ఇనుప రాడ్డును రెండు కొసలా పట్టుకుని తెగేదాకా లాగే మెషిన్ ఒకటుంది. పిల్లలు దాన్ని 'తాతయ్య' అంటారు. ఎంత బలంతో లాగితే రాడ్డు లొంగిపోయి సాగడం మొదలెడుతుందో డయల్ చూసి రాసుకోవాలి. ఎవరూ చూడరు. సీనియర్ల రికార్డుల్లోంచి దింపుకుంటారు. ఆ సీనియర్లు వాళ్ల సీనియర్ల రికార్డుల్లోంచి దింపుకున్నారు. రావలసిన జవాబు ముందే తెలుసు గనక, దాని దగ్గర మొదలెట్టి వెనక్కి లెక్క కట్టి, రీడింగులన్నీ నిజంగా చూసి రాసినట్టే పేర్చడం అక్కడి వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. నాలుగేళ్లలో వాళ్లు క్షుణ్ణంగా నేర్చుకునేది బహుశా అదొక్కటే.

లెక్చరర్ గారు వాళ్లని తప్పు పట్టేవారు కాదు. ఆయనా అలాగే పాసయ్యారు మరి.

"తాతయ్యకి మతి పోయి రెండేళ్లయిందమ్మా. ఏ రాడ్డు పెట్టినా మూడు వందలూ, మూడు వందల ఇరవై. దాన్ని నమ్ముకుంటే నీ పని గోవిందా."

"ఆరు రాడ్లు తెంపాను సార్. కోసిచ్చి కోసిచ్చి అటెండర్ గారు విసుక్కున్నారు కూడా. ఆరింటికీ అంతే వచ్చింది. మెషిన్ పాడైతే బాగు చేయించాలి గానీ, అంకె మార్చడమెందుకు సార్?"

జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు చేసే పనే ఆయనా చేశారు. గొంతు పెంచారు.

"వచ్చే వారం బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఇది చూశాడంటే సున్నా చుడతాడు. ఈ ల్యాబు పోతే నీ క్యాంపస్ ఉద్యోగం కూడా పోతుంది. అయినా నువ్వు పోయేది కంప్యూటర్ ముందుకి. ఈ జన్మలో మళ్లీ రాడ్డు ముట్టుకోవు. ఎందుకొచ్చిన గొడవమ్మా నీకు?"

ఆ అమ్మాయి తల దించుకుంది.

"నాకు బిల్డింగులు కట్టాలని ఉండేది సార్."

"ఇక్కడ చేరిన రోజు అందరికీ ఉంటుంది. రాయి."

పేజీ చింపింది. కొత్త పేజీలో ఐదు వందలు రాసి, అక్కణ్ణించి వెనక్కి వెళ్తూ రీడింగులన్నీ పూర్తి చేసింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఒక్క కొట్టివేత లేదు. అంత శుభ్రంగా ఉన్న అబద్ధాన్ని చూస్తే ఆయనకి మనసులో కలుక్కుమంది. అయినా సంతకం పెట్టారు.

"ఇప్పుడు నువ్వు ఇంజనీరువి," అన్నారు నవ్వించబోయి.

ఆమె నవ్వలేదు. చింపిన కాగితం మడత పెట్టి ఆయన టేబుల్ మీదే వదిలి వెళ్లిపోయింది.

అంతలో ఫోన్ మోగింది. ఆయన కూతురు. అదే కాలేజీలో మొదటి సంవత్సరం. ఇంటి నుంచి రానూ పోనూ నాలుగు గంటల బస్సు ప్రయాణమని, ఆయనే పట్టుబట్టి హాస్టల్లో చేర్పించారు.

"నాన్నా, మా రూము తలుపు మళ్లీ పట్టేసింది. భుజంతో తోస్తే గానీ రావట్లేదు."

"వానలు కదా తల్లీ, చెక్క ఉబ్బుంటుంది."

"మా మూడో అంతస్తులో అన్నీ ఇంతే నాన్నా."

"కొత్త కట్టడం కదమ్మా, సర్దుకుంటుందిలే. వార్డెన్‌కి నేను చెప్తాను."

ఫోన్ పెట్టేశాక కూడా ఆయన చూపు ఆ మడత కాగితం మీదే ఉంది. బాగు చేయించాలి గానీ అంకె మార్చడమెందుకన్న మాట చెవిలో జోరీగలా రొద పెడుతోంది. ఏడాదిగా సొరుగులో మగ్గుతున్న మెషిన్ రిపేరు అర్జీ బయటికి తీసి, ఆ రోజే ప్రిన్సిపాల్‌తో సంతకం చేయించారు.

నాలుగు రోజులకి మెకానిక్ వచ్చాడు. పొద్దున మొదలెట్టి మధ్యాహ్నం దాకా తాతయ్యని విప్పాడు, బిగించాడు, తూకాలు పెట్టి చూశాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎవరు సార్ మెషిన్ పాడైందన్నది? గుండ్రాయిలా ఉంది. నేను తెచ్చిన రాడ్డు పెట్టి లాగితే ఐదు వందల ఐదు చూపించింది. ఇదిగో సర్టిఫికెట్."

"మరి మా రాడ్లకి మూడు వందల ఇరవై వస్తోందే?"

"అయితే అవి అంతే సార్. మెషిన్ ఉన్నదే చెప్పింది."

లెక్చరర్ గారి తల కొట్టేసినట్టయింది. మెకానిక్‌ని పంపించేసి, నేరుగా ల్యాబు వెనక్కి నడిచారు. వచ్చే ఏడు రిటైరవబోయే అటెండర్ అక్కడ రంపం పెట్టి, మధ్యాహ్నం బ్యాచ్ కోసం రాడ్లు కోస్తున్నాడు. పక్కన తుప్పల్లో తెల్ల పట్టా కప్పిన పెద్ద కట్ట ఉంది.

"ఏం పెద్దాయనా, రెండేళ్ల నుంచీ పిల్లలకి ఏ చెత్త ఇనుము తెచ్చిస్తున్నావు? పాత సామాన్ల కొట్లో ఏరుకొస్తున్నావా?"

పెద్దాయన మనసు నొచ్చుకుంది. రంపం కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"చెత్తేంటి సార్, మన అమ్మాయిల హాస్టల్ కట్టగా మిగిలిన రాడ్లే కదా ఇవన్నీ!"