గార్డుగారి దర్జీ పిట్ట

ఆకులు కుట్టి గూడు కట్టే దర్జీ పిట్ట మందార కొమ్మ మీద వాలింది. నెత్తిన ఆకుపచ్చ తువ్వాలు కప్పుకుని మొక్కల్లో కలిసిపోయిన ఉమాపతి మెల్లగా కెమెరా ఎత్తాడు.

అప్పుడే పెరటి గోడ అవతల గూడ్సు కూత వేసింది.

గార్డుగా రిటైరైన మనిషి! చటుక్కున లేచి, తువ్వాలు తీసి, బండి వెళ్లేదాకా పచ్చజెండాలా ఊపాడు. పిట్ట తుర్రుమంది. నిన్నా అంతే, మొన్నా అంతే.

"ఏటండీ ఇది? మీరు ఊపకపోతే బండి ఆగిపోద్దా?" వంటింట్లోంచి భార్య బాలాంబ అరిచింది.

"ఆగదే. అలాగని ఊరుకుంటే, ఆ బండిలో గార్డు ఏటనుకుంటాడు?"

మర్నాడు మళ్లీ కూచున్నాడు. ఎంతసేపు చూసినా మందార మీద ఈగ కూడా వాలలేదు.

"ఈరోజు పిట్ట రాలేదేటే?" అన్నాడు విసుగ్గా.

బాలాంబ పెరటి గుమ్మంలోకి వచ్చి గుసగుసగా అంది. "కదలకండి. మీ నెత్తి మీదే ఉన్నాది. గూటికి తువ్వాలు దారాలు పీకుతున్నాది."

ఉమాపతి ఊపిరి బిగబట్టాడు. చేతిలో అంత కెమెరా ఉంది, నెత్తి మీది పిట్టను ఫొటో తీసే దారే లేదు.

అంతలో గూడ్సు కూత. అతని చెయ్యి దానంతటదే తువ్వాలు వైపు లేచింది.

"సెయ్యి దించండి! నేనున్నాను కదా!"

పొద్దున్నే ఆవిడ పెళ్లికి వెళ్తున్నట్టు కొత్త ఆకుపచ్చ చీర ఎందుకు కట్టుకుందో అతనికి అప్పుడర్థమైంది. గార్డు పెట్టె దాటేదాకా బాలాంబ పైట చెంగు ఊపుతూనే ఉంది.