నాలుక మీద సంతకం

ఒక మార్చి పద్దెనిమిదిన తాను రెండు అరటిపళ్లు, ఒక ఉడికిన గుడ్డు తిన్నానని పెద్దాయనకు ఇప్పటికీ గుర్తు. నిన్న ఏం తిన్నారంటే మాత్రం తడుముకుంటాడు. ఆ రోజు అంత విశేషమేంటని షాపు యజమానురాలు ఒకసారి అడిగింది. ఆకలి మీదున్నానేమో తల్లీ, అందుకే గుర్తుండిపోయిందని మాట దాటేశాడు.

ఆమె తండ్రి బూట్ల వ్యాపారి. షాపు వెనక గదినిండా ఆయన పోగుచేసిన పాత బాస్కెట్‌బాల్ బూట్లే. మొదట్లో వేసుకుని ఆడిన గుడ్డబూట్లు, తర్వాత వచ్చిన తోలువి, మడమలో గాలి నింపినవి, ఏ కాలానివి ఆ అరలో. ఆయన పోయాక దుమ్ము దులపడానికి మనిషి కావాలంటే పెద్దాయన వచ్చాడు. గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చిన ఆ మనిషిని చూసి, "హమ్మయ్య, నిచ్చెన కొనక్కర్లేదు" అని నవ్విందామె. అది జరిగి రెండేళ్లు.

గది మధ్యలో గాజుపెట్టె. అందులో తెలుపు పోయి పసుపెక్కిన ఒక జత. నలభై అయిదేళ్ల కిందట ఒక ఫైనల్లో, చివరి క్షణాన బంతి వేసి గెలిపించిన కుర్రాడివి. ఆ ఒక్క ఆటతో బూట్లకు పేరొచ్చింది. మోకాలు దెబ్బతిని కుర్రాడు మళ్లీ ఆడలేదు. ఏమైపోయాడో ఎవరికీ పట్టలేదు. ఆట అయ్యాక అతనే బూట్లు విప్పి, లేసుల కింది నాలుకకు లోపలివైపు సంతకం చేసి తన చేతికిచ్చాడని తండ్రి చెప్పేవాడు. మీ నాన్న మాటలు కోటలు దాటుతాయని చుట్టాలు ఎగతాళి చేసేవారు. కూతురు ఒక్కతే నమ్మింది.

ఇప్పుడు ఒక పెద్ద ప్రదర్శనవాళ్లు ఆ జతను అడిగారు. నిపుణుడొచ్చి చూసి అసలువేనంటే, వాటి కింద తండ్రి పేరు రాసిపెడతారు. వారం నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

నిపుణుడు రావడానికి ముందురోజు పెద్దాయన గాజుపెట్టె తెరిచాడు. నాలుక లోపల బూజు పట్టి ఉంది. తడిగుడ్డతో మెల్లగా అద్దాడు. బూజుతో పాటు సిరా కూడా గుడ్డకు అంటుకొచ్చేసింది.

కాసేపు స్టూలు మీద కూలబడ్డాడు. తర్వాత కౌంటర్ మీదున్న నల్లపెన్ను తెచ్చి, చెరిగినచోటే మళ్లీ రాశాడు. చూసి రాయడానికి ఏమీ మిగల్లేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నా గీత వణికింది.

నిపుణుడు మర్యాదస్తుడు. కుట్లు లెక్కపెట్టాడు. సోలు వాసన చూశాడు. సంతకం మీద భూతద్దం పెట్టి చాలాసేపు తల ఎత్తలేదు.

"బూట్లు ఆ కాలంవేనమ్మా. కానీ అలాంటివి వేలల్లో అమ్ముడుపోయాయి. ఇవి ఆయనవే అనడానికి ఈ సంతకమే ఆధారం. ఇరవై రెండేళ్ల ఆటగాడి చెయ్యి ఇలా వణకదు. ఇదెవరో వయసు మళ్లినవాళ్లు పెట్టింది."

ఆమెకు తండ్రి చివరి రోజులు గుర్తొచ్చాయి. మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేక వణికిన చేతులు. నిపుణుణ్ణి వీధి దాకా సాగనంపి వచ్చి, బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పెద్దాయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మీ నాన్న అబద్ధం చెప్పలేదు తల్లీ. సంతకం తుడిచేసింది నేను. మళ్లీ పెట్టిందీ నేనే."

ఆమె నమ్మలేదు. రాసి చూపిస్తానని అట్టముక్క అందుకున్నాడు. ఈసారి నిన్నటి మాత్రం కూడా రాలేదు. కోడి కెలికినట్టు వచ్చింది. ఆమె ఆ చేతిలోంచి పెన్ను మెల్లగా తీసుకుంది.

"నాన్న మీద మాట పడకూడదని మీ మీద వేసుకుంటున్నారు. మీరు మంచివారు పెద్దాయనా. ఇక చాలు."

బూట్లను అట్టపెట్టెలో సర్ది అందించింది. ఆయన చెయ్యి చాచి అన్నిటికంటే పై అరలో పెట్టాడు. గాజుపెట్టెలో లైటు ఆర్పేసి, తాళాలు ఆయనకిచ్చి ఆమె వెళ్లిపోయింది. వెళ్తూ, చలిగా ఉంది, గొంతుకు మఫ్లర్ చుట్టుకుని వెళ్లండి అని చెప్పడం మర్చిపోలేదు.

ఇంకో మాట ఆయన గొంతుదాకా వచ్చి ఉంది. చిన్న నిజమే నిలబడలేదు, పెద్దది చెప్పి ఏం లాభం.

ఒక మార్చి పద్దెనిమిదిన రెండు అరటిపళ్లు, ఒక ఉడికిన గుడ్డు తిని ఫైనల్ ఆడి, ఈ బూట్లు విప్పి ఓ కుర్ర వ్యాపారి చేతిలో పెట్టిన ఆటగాడు, వెనక గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.