చెంబులో సముద్రం

గంగులు వేరావల్ నుంచి ఎనిమిది నెలలకు ఇల్లు చేరాడు. గుజరాత్ బోట్ల మీద చేపల వేటకెళ్లిన మగాడు తిరిగొస్తే ఆ ఇంట్లో పండగే. అతని తల్లి దేముడమ్మ పొద్దు వాలకుండానే చాపా దిండూ చంకన పెట్టుకుంది.

"ఈయాల నాను కూతురింటికాడ తొంగుంతాను" అంది, నవ్వు ఆపుకుంటూ.

కోడలు తాతమ్మ మాత్రం కొంగున కట్టుకున్న పొట్లాన్ని మళ్లీ తడిమి చూసుకుంది. హెచ్ఐవి గురించి ఊరూరా తిరిగి చెప్పే అన్నమ్మ పొద్దున్నే ఇచ్చిన నిరోధ్ పొట్లం అది. "ఆడెంత బతిమాలినా మెత్తబడిపోకే. ఒక్కపాలి సాలు, కొంప మునిగిపోద్ది" అని మరీ మరీ చెప్పి వెళ్లింది.

అత్త వీధి మలుపు తిరగ్గానే తాతమ్మ ఆ పొట్లం మొగుడి చేతిలో పెట్టి నేల చూసింది.

గంగులు మొహం మాడిపోయింది.

"ఇదేటే? అక్కడ నాను ఎవత్తి దగ్గరికో ఎల్లొచ్చాననా?"

"నానలాగన్నానా మావా? ఇది ఉంటే సరే. నేకపోతే వద్దు."

"బోటు మీదోళ్లు ఎల్లారు. నాను ఎల్లనేదు. కట్టుకున్న పెళ్లాం కాడ నాకిదేటి?"

తాతమ్మ ఒప్పుకుంటే ప్రాణం మీదికొస్తుంది, కాదంటే కాపురం మీదికొస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గంగులు విసురుగా లేచి ఒడ్డుకెళ్లాడు. చెంబుతో సముద్రపు నీళ్లు తెచ్చి గడపలో పెట్టాడు. వేటగాడు ఎక్కడైనా బొంకుతాడు గానీ ఆ నీళ్లు ముట్టి బొంకడు. మర్నాడు మళ్లీ వాటి మీదికే పోవాలి కదా.

చెంబులో చెయ్యి ముంచాడు.

"గంగమ్మ తల్లి సాచ్చి. నిన్ను తప్ప ఇంకొకర్ని ముట్టనేదు."

తాతమ్మకు ఏడుపొచ్చింది. ఇక కాదంటే గంగమ్మనే కాదన్నట్టు.

ఆ కన్నీళ్లు చూసి గంగులు కోపం దిగిపోయింది. చెంబు ఆమె వైపు జరిపాడు.

"ఆలూమగల ఒట్టుకి ఇద్దరూ సెయ్యి ముంచాల కదేటి? నువ్వూ ఆ మాటే సెప్పీసి, ఆ పొట్లం అవతల పారీ."

తాతమ్మ చెయ్యి లేవలేదు. మొగుణ్ని ఆమె ఏనాడూ అనుమానించలేదు, అతను లేని నెలల్లో హైవే మీద లారీలెక్కి ఇల్లు నడుపుతూ ఆ జబ్బు తెచ్చుకున్నది తనే.