ఏరినకొద్దీ నత్తలు

చేపలతొట్టి అద్దం మీద మళ్ళీ నత్త పాకుతోంది.

అతను మంచం మీది నుంచే చూశాడు. చూస్తూ కాసేపు అలాగే పడుకున్నాడు. తర్వాత లేచాడు.

సీసాల ఫ్యాక్టరీ మూతబడినప్పటి నుంచి అతను లేచి చేసే పని అదొక్కటే. ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం చూడటం. లైటు ముందు నుంచి సీసాలు వరసగా పోతుంటే, వెంట్రుకవాసి పగులున్న దాన్ని పట్టి పక్కన పెట్టడం. ఆ పని పోయాక చూడ్డానికేమీ మిగల్లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముందు పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. బాధనీ చెప్పలేం. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టుండేది, అంతే.

ఎదురింటివాళ్ళు ఇల్లు మారుతూ వదిలేసిన తొట్టిని భార్య తెచ్చి అతని మంచానికెదురుగా పెట్టించింది. నాలుగు చేపలు, రెండు మొక్కలు. చేపల్ని అతను పట్టించుకోలేదు. ఒకనాడు అద్దం మీద నత్త కనబడింది. చెయ్యి దానంతటదే లేచింది.

“ఛీ, ఇవెక్కడ దాపురించాయండీ!” అంది భార్య. “ఇలాగే పెరిగితే తొట్టి పట్టుకెళ్ళి అవతల పారేస్తాను.”

“ఉండు. నేను చూస్తాగా.”

చాలాకాలం తర్వాత ఆ ఇంట్లో అతని గొంతు వినబడింది.

చూశాడు. ఆకు అడుగున జిగురుచుక్కల్లా అంటుకున్నవి గుడ్లని పోల్చుకున్నాడు. గోటితో గీకేశాడు. మేత మిగిలితే నత్తలు పెరుగుతున్నాయని గమనించి చిటికెడు మేతను సగం చేశాడు. సాయంత్రం కీరదోస ముక్క వేసి, పొద్దున్నే దాన్ని పట్టుకున్న నత్తలతో సహా పైకి తీసేవాడు.

తొట్టి తేటపడేది. అతను మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. అంతలో ఇంకో నత్త.

“వీటిని తినే చేప ఉంటుందట. ఒకటి తేకూడదూ?”

“ఉన్నవాటికి మేత తేలేక ఛస్తున్నాను. ఇంకో నోరా?”

“పోనీ మందు?”

“ఆ మందుకి చేపలూ పోతాయట. దేవుడు రెండు చేతులిచ్చాడుగా, ఏరండి.”

ఏరాడు.

ఇవాళ వచ్చింది వేరే రకం. ఇన్నాళ్ళూ వచ్చినవి బొత్తాంలా చదునుగా చుట్టతిరిగినవి. దీనికి మొన తేలి ఉంది. కొత్త మొక్క వెయ్యలేదు. నీళ్ళు కుళాయివే. మరెలా వచ్చింది? సీసాకి పగులు ఊరికే రాదు. ఎక్కడో ఏదో తగలాలి.

భార్య కుట్టుపనికి వెళ్ళింది. సాయంత్రం ఆవిడ వచ్చేసరికి ఈ పీడ వదిలించెయ్యాలనుకున్నాడు. నత్తను చిన్న సీసాలో వేసి మూత పెట్టాడు. చొక్కా తొడుక్కున్నాడు. చెప్పుల మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. దులిపాడు.

ఎండ కళ్ళలో పొడిచింది. గోడ పట్టుకుని కాసేపు ఆగి, మళ్ళీ నడిచాడు. వీధి మలుపు తిరిగితే చేపల దుకాణం.

దుకాణదారు ఎప్పుడూ చూడని మనిషి. సీసా అందుకుని వెలుతురుకి పట్టి చూశాడు.

“దీన్ని మొదలంటా పోగొట్టాలి బాబూ. గట్టి మందేదైనా ఉంటే ఇవ్వు. మా ఆవిడ వీటితో విసిగిపోయింది.”

దుకాణదారు నవ్వాడు.

“మందెందుకు సార్, నాకే ఇచ్చెయ్యండి, వాళ్ళాయన మంచం దిగాలంటే ఇవి కావాలని ఓ అక్క మాటిమాటికీ వచ్చి అడిగి పట్టుకెళ్తుంది.”